వీపున ఉందని మరిచిపోయిన బ్యాగు

కొత్తగా కెమెరా పట్టిన పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ లెన్సు కొనాలి, ఏ కెమెరా మంచిది అని అడుగుతారు. నాకు తెలిసింది చెబుతాను. వాళ్ళకి నాకంటే ఎక్కువే తెలుసు కాబట్టి మర్యాదగా తలూపుతారు. ఇవన్నీ దేంట్లో పెట్టుకుని మోస్తారర్రా అని నేను అడిగితే మాత్రం నవ్వుతారు. "ఏదో ఒక బ్యాగులే అమ్మా" అంటారు. ఆ ఏదో ఒక బ్యాగు వల్ల నా ఉద్యోగం పోబోయింది. ఆ తర్వాత చాలా మంచి బ్యాగు కొన్నాను. దానివల్ల ఒక పెళ్ళి చెడబోయింది. రెండూ చెబుతాను, వినండి.

పలాస కాశీబుగ్గలో ఒక ఫోటో స్టూడియోలో ముప్పై రెండేళ్ళు పనిచేశాను. చేరింది ఆల్బమ్‌లు అంటించడానికి. ఒక పెళ్ళిలో మా ఫోటోగ్రాఫరు పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే గదిలోకి వెళ్ళేసరికి అక్కడున్న ఆడవాళ్ళంతా గోడవైపు తిరిగిపోయారట. ఆల్బమ్ తయారయ్యాక చూస్తే ఒక్క మొహం లేదు, అన్నీ జడలే. పెళ్ళివారు వచ్చి గోల పెట్టారు. ఆ మర్నాడే మా ఓనరు నా చేతికి కెమెరా ఇచ్చి, "నువ్వెల్లమ్మా, నిన్ను సూసి ఎవులూ తిరిగిపోరు" అన్నాడు. అలా ఫోటోగ్రాఫర్నయ్యాను. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా నేను అడుగుపెట్టని పెళ్ళికూతురి గది తక్కువే.

మొదట్లో ఒక కెమెరా, ఒక ఫ్లాషు. డిజిటల్ వచ్చాక సామాను పెరిగింది. రెండు కెమెరాలు, మూడు లెన్సులు, రెండు ఫ్లాషులు, బ్యాటరీలు, చార్జర్లు, వాన వస్తే కప్పడానికి ప్లాస్టిక్ కవర్లు. అన్నీ ఒక నల్లటి సైడు బ్యాగులో కుక్కి కుడి భుజానికి తగిలించుకునేదాన్ని. ఏళ్ళ తరబడి అలా మోస్తే ఏమవుతుందో నాకు నా చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్ ఫోటోల్లో తెలిసింది. ఆ ఒక్క ఫంక్షన్‌లోనే నేను ఫోటో తీయకుండా ఫోటోలో నిలబడ్డాను. కుడి భుజం ఎడమ భుజం కన్నా నాలుగు వేళ్ళు కిందికి ఉంది. ఆల్బమ్ చేసే అతను పాపం ఫోటోయే వంకరగా వచ్చిందనుకుని కంప్యూటర్లో తిప్పి సరిచేశాడు. నేను నిటారుగా వచ్చాను. వెనకున్న తలుపు, పక్కనున్న మా మరిది, ఇద్దరూ వాలిపోయారు.

నలభై ఎనిమిదో ఏట ఆ భుజం పైకి లేవడం మానేసింది. జడ వేసుకోవడానికి కూడా చెయ్యి వెనక్కి వెళ్ళేది కాదు. టెక్కలిలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

"ఏం పని చేస్తారమ్మా?" అన్నాడు.

"ఫోటోలు తీస్తానండి."

"ఫోటోలు తీస్తే ఇలా కాదే?" అని నా పక్కన కుర్చీలో ఉన్న బ్యాగు ఎత్తబోయాడు. ఒక చేత్తో మొదలుపెట్టి రెండో చెయ్యి కూడా వేశాడు. తర్వాత దాన్ని తీసుకెళ్ళి రోగుల బరువు తూచే మిషన్ మీద పెట్టాడు. పదకొండు కిలోలు. ఆయన ఆ ముల్లు వంక, నా భుజం వంక మార్చి మార్చి చూసి, "దీన్ని ఇలా మొయ్యడమైనా మానండి, పనైనా మానండి" అన్నాడు.

ఈ మాట మా ఓనరుకి నేను చెప్పలేదు. ఎలా తెలిసిందో తెలిసింది. టెక్కలి నుంచి నేను బస్సు దిగేసరికి ఆయన నాకు ప్రమోషన్ సిద్ధం చేసి ఉంచాడు.

"ఇక నువ్వు బయటికెల్లక్కర్లేదమ్మా. కౌంటర్లో కూకో. పైన ఫ్యాను, పక్కన కూలరు. పాస్‌పోర్టు ఫోటోలు, లామినేషను, జెరాక్సు సూసుకో. పెళ్ళిళ్ళకి మా మేనల్లుణ్ణి పంపిత్తాను."

మేనల్లుడంటే పాతికేళ్ళవాడు, ఇంజనీరింగ్ చదివినవాడు, మంచివాడే. లెన్సుల గురించి గంటసేపు చెప్పగలడు. కానీ కౌంటరు సంగతి నాకు తెలుసు. ఆధార్ కార్డు జెరాక్సు తీసి, రెండువైపులా ఒకే కాగితం మీద రాలేదని తిట్లు తినే ఉద్యోగమది. ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళ మధ్య తిరిగినదాన్ని. సన్నాయి వినిపించని చోట రోజంతా కూర్చోవడం నావల్ల కాదు.

"ఈ సీజను ముహూర్తాలు అయ్యేదాకా ఆగండి. భుజం మీద మొయ్యను. వీపుకి తగిలించుకునే బ్యాగు కొనుక్కుంటాను" అన్నాను.

"ఈపు మాత్రం నీది కాదేటి?" అన్నాడాయన. కానీ ఒప్పుకున్నాడు.

బ్యాగు విషయంలో నాకు సలహా ఇచ్చింది మా వీడియో అన్నయ్య. నాతోపాటు పదిహేనేళ్ళు పెళ్ళిళ్ళలో వీడియో తీసినవాడు. ఆరడుగుల మనిషి. ఏ విషయమైనా తనకి తెలుసంటాడు. విశాఖ వెళ్ళి వస్తూ ఒక బ్యాగు తెచ్చాడు. నీలం రంగు, దాని నిండా జిప్పులు, తాళ్ళు, కొక్కేలు.

"కొండలెక్కేవాల్లు వాడే బ్యాగు సెల్లెమ్మా ఇది" అన్నాడు.

"మనం రోజూ మహేంద్రగిరి ఎక్కుతామేటన్నయ్యా?"

"నీకు తెల్దు, ఊరుకో. నేను తగిలించుకుని సూసేను. దూదిలాగున్నాది."

అదే మొదటి తప్పు. ఆయన తగిలించుకుని చూశాడు. రెండో తప్పు నాది. స్టూడియో అద్దం ముందు ఖాళీ బ్యాగు తగిలించుకుని అటూ ఇటూ తిరిగి బాగుందన్నాను. ఖాళీ బ్యాగు ఏదైనా బాగానే ఉంటుంది. గుడ్డే కదా.

ఆ వారంలోనే ఉద్దానం సముద్రతీరంలో ఒక కాబోయే జంటకి ఫోటోలు తీయాల్సి వచ్చింది. పెళ్ళికి ముందే సముద్రం దగ్గర తీయించుకునే ఫోటోలు అప్పుడప్పుడే మా వైపు మొదలయ్యాయి. జీడితోటల్లోంచి ఆటోలో వెళ్ళాం. తోట దాటాక ఆటో ఇసకలో దిగబడింది. అక్కణ్ణించి నడక. పదకొండు కిలోల సామాను ఆ కొత్త బ్యాగులో వేసుకుని పదడుగులు వేసేసరికి సంగతి తెలిసింది. ఆరడుగుల మనిషికి నడుం దగ్గర ఆగే బ్యాగు నాకు ఇంకా కిందికి వచ్చింది. అడుగు వేసినప్పుడల్లా వెనకనుంచి ఎవరో తన్నినట్టు ఉంది. పట్టీలు బిగిస్తే బ్యాగు మెడ దాకా లేచి తల వెనక్కి ఎక్కి కూర్చుంది. సరే, ఒక్కరోజే కదా అనుకున్నాను.

నీళ్ళ అంచున పిల్లనీ పిల్లాణ్ణీ నిలబెట్టి, కింది నుంచి తీస్తే ఆకాశం బాగా వస్తుందని వంగాను. బరువంతా ఒక్కసారిగా వీపు మీంచి తల మీదికి జారింది. నేను మొహం ఇసకలో పెట్టాను. కెమెరా తడవకూడదని చెయ్యి పైకెత్తి పక్కకి దొర్లాను. దొర్లితే వెల్లకిలా పడ్డాను. కింద బ్యాగు, పైన నేను. కాళ్ళు గాల్లో, కెమెరా ఉన్న చెయ్యి గాల్లో. ఎంత కొట్టుకున్నా లేవలేను.

పెళ్ళికొడుకు గాభరాపడి పరిగెత్తుకొచ్చాడు. పెళ్ళికూతురు మాత్రం ముందు తన ఫోను తీసి ఒక ఫోటో తీసుకుని, తర్వాత పరిగెత్తుకొచ్చింది. మా తీరానికి గుడ్లు పెట్టడానికి సముద్రపు తాబేళ్ళు వస్తుంటాయి. అక్కడ వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళలో ఒకాయన లేచి నిలబడి, "ఓలమ్మా, తాబేలనుకున్నాను, ఫోటోలమ్మా!" అన్నాడు. నేను పలాస చేరేలోపు ఆ ఫోటో పలాస చేరిపోయింది. మా ఓనరు ఫోన్లో దాన్ని పెద్దది చేసి చూస్తూ కనిపించాడు. కౌంటరు వెనక కుర్చీ మీద కొత్త దిండు వేయించి ఉంచాడు. అది చాలు నాకు.

కానీ ఆ రోజు తీరంలో నన్ను లేపిన మనిషి సంగతి చెప్పాలి. ఆమె చేపలమ్మే ఆవిడ. నాకంటే ఓ పదేళ్ళు పెద్దది. పొద్దున్నే పడవల దగ్గర చేపలు కొని, గంప నెత్తికెత్తుకుని, ఆటో దొరికే దాకా ఇసకలో నడిచి పలాస మార్కెట్టుకి తెచ్చేది. ఆమె పెళ్ళికొడుకుని పక్కకి తోసి, ముందు నా పట్టీలు విప్పి, నన్ను బ్యాగులోంచి బయటికి లాగింది. తర్వాత ఆ బ్యాగు తన వీపుకి తగిలించుకుని నాలుగడుగులు నడిచి చూసి కింద పడేసింది.

"ఏటమ్మా ఇది? ఇదేటి బ్యాగా, నీ మీద పగబట్టినోడెవుడైనా ఇచ్చినాడా?"

"మా అన్నయ్య తెచ్చాడప్పా" అన్నాను. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆ క్షణంలో ఆమె నాకు సొంత అప్పలాగే కనిపించింది.

"బరువు నీ మీద కూకోవాల గానీ నిన్నట్టుకుని ఏలాడకూడదు. సూడు, ఇదంతా ఎనక్కి లాగుతంది. నువ్వు పడిపోకుండా ముందుకొంగుతన్నావు. రోజూ ఇలగే మోత్తే నడుం ఇరిగిపోద్ది. ఈ కింద పట్టీ ఏటికి?"

"నడుంకి కట్టుకోడానికంట."

"మరి కట్టవేటి?"

"పొడుగైపోయి జారిపోతందప్పా."

ఆమె తన గంప కిందుగా వేసుకునే చుట్టకుదురు తీసి నాకు చూపించింది. పాత చీర గుడ్డని చుట్ట చుట్టి, తన తలకి సరిపోయేలా తనే బిగించుకున్నది. "ఇది మా కోడలు పెట్టుకుంటే కుదరదు. నాది నాకే. తలకాయకో సుట్టకుదురు. నీ ఈపుకి నీ బ్యాగుండాల" అంది.

మూడు రోజుల తర్వాత మార్కెట్లో ఆమె దగ్గరికి వెళ్ళి, విశాఖలో బ్యాగు కొనడానికి నాతో రమ్మని అడిగాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "రైలుకేనా?" అని మాత్రం అడిగి, ఆదివారం పొద్దున్న ఇస్త్రీ చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, పలాస స్టేషన్లో నాకంటే ముందే నిలబడి ఉంది.

ఆ దుకాణం మూడంతస్తుల మేడ. కెమెరా బ్యాగుల దగ్గర నిలబడ్డ సేల్స్ అతను మమ్మల్నిద్దర్నీ చూసి, నాతో ఇంగ్లీషులోనూ ఆమెతో చిరునవ్వుతోనూ మాట్లాడాడు. ఇది ముప్పై లీటర్ల బ్యాగు, ఇది పాతిక లీటర్లది అని మొదలుపెట్టాడు.

"లీటర్లేటి బాబూ, మేం పాలేటి పొయ్యం దీన్లో" అంది మా అప్ప.

అతను ఒక బ్యాగు నాకు తగిలించాడు. హాయిగా ఉంది. అప్ప జిప్పు లాగి లోపల చూసింది. ఆకారం నిలబడడానికి కుక్కిన కాగితాలు బయటికి లాగి కౌంటరు మీద పోసింది.

"కాయితాలు మొయ్యడానికి ఈ అమ్మేటి పోస్టుమేనా? అమ్మీ, నీ సామాను తియ్యి."

ఆమె చెప్పినట్టే నా సామానంతా తీసుకెళ్ళాను. ఒక్కో బ్యాగులో మొత్తం పదకొండు కిలోలూ వెయ్యడం, నాకు తగిలించడం, అన్నం ఉడికినంతసేపు దించనివ్వకపోవడం. ఊరికే నిలబడనిచ్చిందా, అదీ లేదు. మూడంతస్తుల మెట్లు ఎక్కించింది, దింపింది. గొంతుక్కూర్చోమంది. కింద పడ్డ రూపాయి తియ్యమంది. ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరగమంది. నేను మెట్ల మీద నాలుగోసారి కనిపించేసరికి గుమ్మం దగ్గరి వాచ్‌మన్ నా వెనకే నడవడం మొదలుపెట్టాడు. దుకాణం బ్యాగు, నిండా కెమెరాలు, చెమటలు కక్కుతున్న ఆడమనిషి. అతన్ని తప్పుపట్టడానికేం లేదు.

ఒక బ్యాగు మెడ దగ్గర కోసుకుంటోందని తీసేయించింది. ఇంకొకదానికి నడుం పట్టీ సన్నగా ఉందని, "ఇది పట్టీ కాదు, లంగా నాడా" అంది. నల్లబ్యాగు బాగుందని నేనంటే, "మన ఎండకి పెనం లాగ కాల్తాది. లోపలున్న నీ కెమెరాలు వేగిపోతాయి" అంది. చాలా జేబులున్న బ్యాగుని చూసి, "ఇన్ని జేబుల్లో ఏది ఎక్కడెట్టేవో ఎతుక్కుంటే పెళ్ళయిపోద్ది" అంది.

మధ్యాహ్నానికి సేల్స్ అతనిలో మార్పు వచ్చింది. లోపల బీరువాలోంచి తనే ఒక బ్యాగు తెచ్చాడు. బురద రంగు, చూడ్డానికి ఏ అందమూ లేదు. కానీ దాని భుజం పట్టీలు మనిషి వీపు పొడవుని బట్టి పైకీ కిందికీ జరుగుతాయి. అతను జరిపాడు. నడుం పట్టీ జానెడు వెడల్పు, మెత్తగా ఉంది. నేను కడుపు మీద బిగించబోతే అప్ప నా చెయ్యి తీసేసి, "అక్కడ కాదు, కింద. ఎముక మీద కూకోబెట్టు. సంటిపిల్లని ఎత్తుకోలేదేటి ఎప్పుడూ?" అంది. తుంటి ఎముకల మీద బిగించాను. పెద్ద లెన్సు వీపుకి ఆనుకునేలా మధ్యలో పెట్టాం, చిన్నవి బయటివైపు. లేచి నిలబడ్డాను.

భుజాల మీద ఏమీ లేదు. నిజంగా ఏమీ లేదు. పట్టీల కింద రెండు వేళ్ళు దూరుతున్నాయి. బరువంతా ఎటు పోయిందో తెలియక వెనక్కి తిరిగి చూసుకున్నాను. పైగా ఆ బ్యాగు వీపు వైపు నుంచి తెరుచుకుంటుంది. భుజం పట్టీలు తప్పించి, నడుం పట్టీ మీదే ముందుకి తిప్పుకుంటే కడుపు ముందు బల్లలా నిలబడుతుంది. ఇసకలో పెట్టక్కర్లేదు, ఎవరినీ పట్టుకోమనక్కర్లేదు.

"మొహం సూడు, పువ్వులాగ ఎలగ ఇచ్చుకుందో" అంది అప్ప సేల్స్ అతనితో. అతను బిల్లు రాస్తూ, రోజంతా నిలబడడం వల్ల తనకి నడుం నొప్పి ఉందని, ఏం చెయ్యమంటారని ఆమెని అడిగాడు.

ఆ బ్యాగుతో నా మొదటి పెళ్ళి ఉద్దానంలో జీడితోటల మధ్య ఒక ఊళ్ళో. ముహూర్తం పొద్దున్న పది గంటల నలభై ఒక్క నిమిషాలకి. మా ఓనరు మామూలుగా పెళ్ళిళ్ళకి రాడు. ఆరోజు వచ్చాడు. మేనల్లుణ్ణి కూడా తెచ్చాడు. ఎందుకు తెచ్చాడో నాకూ తెలుసు, ఆ పిల్లాడికీ తెలుసు. అందుకే అతను నా మొహం చూడలేక పొద్దుటినుంచీ తోరణాలకే ఫోటోలు తీస్తున్నాడు.

నేను తెల్లవారి ఆరింటికి మొదలుపెట్టాను. మంగళస్నానాలు, పెళ్ళికూతురి ముస్తాబు, విడిదింటికి పరుగు, ఊరేగింపు పై నుంచి తీయడానికి డాబా ఎక్కడం, దిగడం. మా ఓనరు నా వెనక తిరగబోయి రెండో డాబా దగ్గర ఆగిపోయి కుర్చీ అడిగాడు. నాకు అలసటే లేదు. పదింటికి వంటల దగ్గర ఎవరో మజ్జిగ ఇస్తూ, "ఆ బ్యాగు దించి కూకో అమ్మా" అన్నారు. "ఏ బ్యాగు?" అన్నాను. హాస్యానికి కాదు. నిజంగానే మరిచిపోయాను. ఆ క్షణంలోనే నేను భయపడి ఉండాల్సింది. గర్వపడ్డాను.

పందిట్లో పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి తెచ్చి దింపారు. ఎదురుగా పెళ్ళికొడుకు, మధ్యలో తెర. ఇద్దరి చేతుల్లోనూ జీలకర్ర బెల్లం. ముహూర్తం రాగానే పురోహితుడు చెయ్యెత్తుతాడు, గట్టిమేళం మోగుతుంది, ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెడతారు, తెర దిగుతుంది, ఒకర్నొకరు చూసుకుంటారు. ఆ చూపు ఒక్క క్షణం. అది దొరక్కపోతే మిగతా ఆల్బమ్ ఎంత బాగున్నా పెళ్ళివారు క్షమించరు.

ఇంకా కొన్ని నిమిషాలున్నాయి. పురోహితుడు మంత్రాలు చదువుతున్నాడు. మేనల్లుడు తన బ్యాగు దూరంగా కుర్చీకి తగిలించి లెన్సు మార్చుకోడానికి వెళ్ళాడు. వీడియో అన్నయ్య బ్యాటరీ మారుస్తున్నాడు. నేను పట్టీలు తప్పించి, బ్యాగు ముందుకి తిప్పి, లెన్సు మార్చి, మళ్ళీ వీపుకి తిప్పుకున్నాను. అంతా అరనిమిషం. ఇటువైపు నుంచి పెళ్ళికూతురి మొహం మీద నీడ పడుతోందనిపించి, అటువైపు వెళ్దామని గిర్రున తిరిగాను.

నేను సన్నగా ఉంటాను. నేను తిరగడానికి అక్కడ చోటుంది. నా వీపు మీదున్న దానికి లేదు. వెనక మేళగాళ్ళు నిలబడి ఉన్నారు. నా బ్యాగు పోయి డోలుకి తగిలింది.

ధబ్!

ఆ డోలు కొట్టేవాడు కళ్ళు మూసుకుని ఉన్నాడు. పక్కనున్న రెండోవాడు మొదలైపోయిందనుకుని బాదడం మొదలుపెట్టాడు. వీడు కళ్ళు తెరిచి, తను వెనకబడ్డాననుకుని ఇంకా గట్టిగా బాదాడు. సన్నాయి అందుకుంది. పందిట్లో మూడువందలమంది ఒక్కసారిగా లేచి అక్షింతలు విసిరారు. పురోహితుడు రెండు చేతులూ ఎత్తి "ఆగండి, ఆగండి" అంటున్నాడు. చేతులెత్తడమే గుర్తు కదా, మేళం ఇంకా పెరిగింది. తెర పట్టుకున్నవాళ్ళు తెర వదిలేశారు. నా చేతులు వాటంతటవే కెమెరా ఎత్తాయి. పెళ్ళికూతురి చెయ్యి పెళ్ళికొడుకు తల మీద ఉంది. అతని చెయ్యి ఆమె తల మీద ఉంది. అతను తెల్లబోయి చూస్తున్నాడు, ఆమె నవ్వుతోంది. నాలుగు ఫోటోలు తీశాను. ఆ చూపు మా ముగ్గురిలో నాకొక్కదానికే దొరికింది.

తర్వాత మేళం ఆగింది. ఆగాక పెళ్ళికొడుకు మేనమామ లేచాడు. రిటైరైన లెక్కల మేష్టారు. చేతి గడియారం పైకెత్తి చూపించాడు.

"పది ముప్పైయేడు! ఇంకా నాలుగు నిమిసాలున్నాది. ఎవుడు మోగించమన్నాడు?"

పెళ్ళికూతురి తండ్రి, "మీ గడియారం ఎనకబడుంటాది మావా" అన్నాడు.

"నా గడియారం ముప్పైయేళ్ళు బడి నడిపింది. ఎనకబడదు."

అటు పదిమంది, ఇటు పదిమంది లేచారు. మంచి చెడ్డా మాటలు మొదలయ్యాయి. దుర్ముహూర్తమన్నారు ఒకరు. మళ్ళీ చెయ్యాలన్నారు ఒకరు. పెట్టిన జీలకర్ర బెల్లం ఎలా తీస్తారన్నారు ఇంకొకరు. డోలువాడు నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను. మా ఓనరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన డోలునీ, నా బ్యాగునీ, ఆ రెండింటి మధ్య దూరాన్నీ కళ్ళతో కొలవడం నాకు కనిపిస్తూనే ఉంది.

అప్పుడు మేష్టారే అన్నాడు. "కెమెరాలో టైము పడతాది కదా? ఆ ఫోటోలమ్మనే సూపించమనండి. మనిసి అబద్ధమాడతాడు గానీ మిసను ఆడదు."

అందరూ నావైపు తిరిగారు. నేను కెమెరా వెనక తెర మీద ఫోటో తెరిచాను. కింద టైము ఉంది. పది నలభై మూడు.

అది తప్పు టైమని నాకు తెలుసు. ఎందుకంటే ఆ కెమెరాలో టైము నేను మా స్టూడియో గోడ గడియారం చూసి పెట్టాను. మేమంతా పెళ్ళిళ్ళకి ఆలస్యంగా బయల్దేరుతున్నామని మా ఓనరు ఆ గోడ గడియారాన్ని ఆరు నిమిషాలు ముందుకి పెట్టి ఉంచేవాడు. అంటే మేష్టారి గడియారం నిమిషం తప్పలేదు. ఆ పందిట్లో ఆ సంగతి తెలిసినవాళ్ళం మా ఓనరూ నేనూ ఇద్దరమే. ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను.

"కెమెరాలో ఇదేనండీ ఉంది" అన్నాను. అది నిజమే. కెమెరాలో అదే ఉంది.

మేష్టారు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. ఇంకోసారి చూశాడు. పురోహితుడు వెంటనే, "ముహూర్తం దాటి రెండు నిమిషాలు, పుష్కరాంశ శుభఘడియ లోపలే ఉన్నాం, దివ్యంగా ఉంది" అని ఊపిరి తీసుకోకుండా తర్వాతి మంత్రంలోకి వెళ్ళిపోయాడు. మేష్టారు తన గడియారాన్ని వేలితో రెండుసార్లు తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, ముల్లు ఆరు నిమిషాలు ముందుకి తిప్పుకున్నాడు. అది చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ముప్పైయేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి చేత ఆరోజు నేను తప్పు లెక్క చేయించాను.

వ్యానులో తిరిగి వస్తుంటే మా ఓనరు ముందు సీట్లో, నేను వెనక. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తోటలు దాటి మెయిన్ రోడ్డు ఎక్కాక ఆయన వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"మన గోడ గడియారం ముందుకుంటాదని నీకు తెల్సు కదా?"

"తెలుసండి."

"కెమెరాకి అదే టైము ఎందుకెట్టేవు?"

"మీరే పెట్టమన్నారండి."

ఆయన కెమెరా అడిగి తీసుకుని, ఆ నాలుగు ఫోటోలూ ఒక్కొక్కటీ చూశాడు. పెళ్ళికూతురు నవ్వుతున్న ఫోటో దగ్గర ఆగాడు. కెమెరా తిరిగిస్తూ, "ఎల్లుండి టెక్కల్లో పెళ్ళున్నాది. పెందలాడే వచ్చీ. పందిట్లోకెల్లినప్పుడు మాత్రం ఆ బ్యాగు ముందుకి తిప్పుకో" అన్నాడు. మర్నాటినుంచి కౌంటర్లో దిండు మీద మేనల్లుడు కూర్చున్నాడు. అతనికి కంప్యూటరంటే ఇష్టం కాబట్టి నాకంటే అతనే ఎక్కువ సంతోషించాడు.

ఆ బ్యాగుతోనే పదేళ్ళు పనిచేసి, మోకాళ్ళు వద్దన్నాక మానేశాను. మీకు చెప్పాల్సిందేమైనా ఉంటే ఇదే. బ్యాగు కొనేటప్పుడు సామానంతా వేసుకుని మెట్లెక్కి చూడండి. మీ వీపు పొడవెంతో మీ అన్నయ్యకి తెలియదు. బరువు తుంటి మీద కూర్చోవాలి. ఇక మంచి బ్యాగు దొరికాక మీ వెనక ఇంకో జానెడున్నర మనిషి ఉన్నాడని గుర్తు పెట్టుకోండి. ఎందుకంటే మంచి బ్యాగు ఆ సంగతి మీకు గుర్తు చెయ్యదు.

నేను పని మానెయ్యక ముందే, ఆ డోలు మోగిన పెళ్ళి అయిన చాలా ఏళ్ళకి, ఆ పెళ్ళికూతురు మా స్టూడియోకి వచ్చింది. బడిలో చేర్చడానికి పాపకి ఫోటో కావాలంది. ఆరోజు మేనల్లుడు లేక కౌంటర్లో నేనే ఉన్నాను. ఆమెని గుర్తుపట్టగానే పాత భయం మళ్ళీ పట్టుకుంది. సంసారం ఎలా ఉందో, ఆ నాలుగు నిమిషాల వల్ల ఏమైనా తేడా వచ్చిందో అని మాటల్లో పెట్టి అడిగాను. బాగానే ఉన్నామంది. ఇక ఆపుకోలేక మొత్తం చెప్పేశాను. నా బ్యాగు డోలుకి తగలడం, కెమెరా టైము ముందుకి ఉండడం, అన్నీ.

ఆమె పాప జుట్టు దువ్వుతూ విని, "నాకు తెల్సు కదా పిన్నీ" అంది.

"ఏటి తెల్సు?"

"పందిట్లో నాకెదురుగా, తెరకి పైన, స్తంభానికి గడియారం తగిలించున్నాది, పూలదండల మాటున నాకొక్కదానికే అగుపించేది. తెర ఇవతల నేనింకేటి సూత్తాను, దాన్నే సూత్తన్నాను. డోలు మోగేసరికి పది ముప్పైయేడే. ఆయన పెట్టకుండా ఆగిపోయేడు. నేనే ముందు పెట్టేసేను."

"తెలిసీ పెట్టేశావా? ఎందుకు?"

"ఆ గంపలో కూకోని ఎంతసేపయిందనుకున్నావు పిన్నీ? కాళ్ళు రెండూ తిమ్మిరెక్కి సచ్చిపోతన్నాయి. మోగింది కదా, ఇక ఆపేదెవులు అనుకున్నాను" అంది. చెప్పి, పాపని స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తి, "ఊ, తియ్యి" అంది.